చేతులెత్తొద్దన్న బసమ్మ

చెలిమలపల్లిలో బసమ్మ గొంతు తెలియని మనిషి లేడు. మనుషులదాకా ఎందుకు, బర్రెలకు కూడా తెలుసు. న్యాల్‌కల్ మండలంలో, కర్ణాటక హద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఊరది. ఆమె తన వాకిట్లో నిలబడి కోడిని అదిలిస్తే అవతలి వాడలో కోళ్లు పరుగెత్తుతాయి. చిన్నప్పుడు పుట్టింట్లో జొన్నచేనుకు కావలి ఉండి, మంచె మీది నుంచి పిట్టలను తోలి తోలి పెంచుకున్న గొంతు మరి! మెల్లగా మాట్లాడమంటే ఆమెకు ప్రాణం మీదికొస్తుంది.

“జర మెల్లగ మాట్లాడరాదే, పక్కనే ఉన్న గద” అని మొగుడు శంకరప్ప పెళ్లయిన కాడి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు.

“మెల్లగ జెప్తే ఎన్నడన్న ఇన్నవా?” అంటుంది బసమ్మ.

నిజమే. వినలేదు.

ఆమె పుట్టిల్లు బీదర్‌కు అవతల. ఊళ్లో జనానికి ఒక గుర్తుంది. బసమ్మ తెలుగులో తిడితే మామూలు కోపం. కన్నడంలోకి దిగిందంటే మాత్రం పక్కకు జరిగి దారి ఇవ్వాలి.

ఇంతటి మనిషి పంచాయతీలోకి ఎలా వచ్చిందంటే, పెద్దమనుషుల తెలివితక్కువతనం వల్ల వచ్చింది. వాళ్ల వార్డు ఆడవాళ్లకు రిజర్వయింది. నలుగురు పెద్దమనుషులు శంకరప్ప దగ్గరికి వచ్చి, “నీ ఇంటామెను నిలవెట్టు. సంతకం వెడితే సాలు, మిగిలింది మేం జూసుకుంటం” అన్నారు. ఎన్నికల గుర్తుగా గౌను వచ్చింది. అరవై ఏళ్లకు దగ్గర పడ్డ మనిషి, కాసెపోసి చీర కట్టుకొని, ఇల్లిల్లూ తిరిగి “గౌనుకు ఓటెయ్యుండ్రి” అని అడుగుతుంటే ఊరంతా పగలబడి నవ్వింది.

“పెద్దమ్మా, గెలిస్తె గౌను ఏసుకుంటవా?” అని అడిగారు కుర్రాళ్లు.

“గెలిపియ్యుండ్రి. ఏసుకొని జహీరాబాద్ బస్టాండుల తిరిగొస్త!” అంది.

గెలిపించారు. మొదటి మీటింగుకు, గెలిచిన ఆడవాళ్ల మొగుళ్ల అలవాటు ప్రకారం శంకరప్ప వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బసమ్మ వెనకే వచ్చి, “లే. పోయి బర్లకు నీళ్లు వెట్టు. గెలిసింది నేను” అంది. ఆయన కిక్కురుమనకుండా లేచి పోయాడు. పెద్దమనుషుల ముఖాలు అప్పుడు చూడాలి! ఆ రోజు నుంచి నల్లా రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా పంచాయతీ ఆఫీసు కిటికీలు అదరాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఊరికి ఉత్తరాన విమానాల బడి ఒకటుంది. విమానం నడపడం నేర్చుకునే పిల్లలు చిన్న చిన్న విమానాల్లో ఎగిరి దిగే జాగా. మొదట్లో బర్రెలు బెదిరి తాళ్లు తెంపుకున్నాయి గానీ, తర్వాత వాటికీ అలవాటైంది, ఊరికీ అలవాటైంది. దానితో ఎవరికీ పేచీ లేదు. పేచీ ఎక్కడ మొదలైందంటే, దాన్ని పెంచి పెద్ద విమానాలు దిగే ఎయిర్‌పోర్టు చేస్తామన్నప్పుడు. పెంచడమంటే ఎటు పెంచుతారు? ఒక పక్క గుట్ట, ఒక పక్క రోడ్డు. మిగిలింది నల్లరేగడి. ఆ రేగడిలో ఎకరన్నర బసమ్మది.

ఆ ఎకరన్నర గురించి చెప్పకపోతే బసమ్మ గురించి ఏమీ చెప్పనట్టే. శంకరప్ప తాతలనాటి నుంచి ఆ ఇంటికి సెంటు భూమి లేదు. బసమ్మ సగం బతుకు ఒకరి చేలో కలుపు తీయడంలోనే గడిచింది. ఒకనాటికి సర్కారు భూమి లేని ఆడవాళ్లకు పట్టాలిచ్చింది. ఇచ్చింది భూమి కాదు, రాళ్లు. బసమ్మ, పక్కింటి బీరమ్మ, వాడలోని మిగతా ఆడవాళ్లు ఎండాకాలాలన్నీ ఆ రాళ్లు ఏరారు. ఏరి ఏరి, అడుగున ఉన్న రేగడిని బయటికి తీశారు. తన పేరున పట్టా ఉన్న చేలో మొదటిసారి శనగ మొలిచినప్పుడు బసమ్మ గట్టు మీద కూర్చొని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావంటే, “ఏమో, ఏడుపొస్తుంది” అంది. అంతే.

ఆ భూమి పోతే ఏముంది? మళ్లీ ఒకరి చేలో కలుపు.

సర్పంచ్ జగదీశ్ మాత్రం గాల్లో తేలుతున్నాడు. పాపం, చెడ్డవాడేం కాడు. చిన్న వయసు, చురుకైనవాడు, ఊరికి సిమెంటు రోడ్డు వేయించాడు. జహీరాబాద్‌లో ప్లాట్లు అమ్మే ఆఫీసు పెట్టుకున్నాడు. “ఎయిర్‌పోర్టు పడ్డదంటే మన ఊరి నసీబే మారుతది! హైదరాబాదోళ్లు మన తాన ప్లాట్ల కోసం లైను గడ్తరు” అని టీ హోటల్లో కూర్చున్న ప్రతివాడికీ చెప్పేవాడు. వింటూంటే ఎవరికైనా నిజమే అనిపించేది.

వానాకాలంలో కొలతల వాళ్లు వచ్చారు. డ్రోను ఎగరేశారు, ఫొటోలు తీశారు, పోయారు. కొన్నాళ్లకు జగదీశ్ పంచాయతీ మీటింగులో రిపోర్టు చదివాడు. “సాగులో లేని పడావు భూములు” అని ఉంది అందులో.

“ఏంది? మల్లొక్కపారి సదువు” అంది బసమ్మ.

చదివాడు. బసమ్మకు ఒళ్లు మండిపోయింది. వానాకాలంలో రేగడిని ఎవరు విత్తుతారు? గుంటుక తోలి, నేలను వాన తాగనిచ్చి, వానలు వెనకపట్టు పట్టాక శనగ, కుసుమ, తెల్లజొన్న వేస్తారు. నీళ్లు కట్టక్కర్లేదు, మంచుకే పండుతాయి. అందుకే ఈ పక్క వాటిని సత్యం పంటలంటారు. ఇది జగదీశ్‌కు తెలియదా? వాళ్లమ్మ సుగుణమ్మకు అదే రేగడిలో మూడెకరాలుంది!

“పడావంట, పడావు! రేపు రాత్రిపూట ఫొటో దీసి ఊరంత సచ్చిపోయిందని రాస్తరు!” అని అరిచింది బసమ్మ. ఆ తర్వాత కన్నడంలోకి దిగింది. “బ్యాడ! నమగ బ్యాడ!”

మీటింగుకు వచ్చిన ఎయిర్‌పోర్టు కంపెనీ కుర్రాడు ఇంగ్లీషు చదువులవాడు. పాపం బెదిరిపోయి, “బ్యాడ్ ఏముంది మేడమ్? గుడ్ ప్రాజెక్టే కదా” అన్నాడు. బ్యాడ అంటే వద్దు అని అతనికి ఎవరో చెవిలో చెప్పేసరికి మీటింగు అయిపోయింది.

తేలిందేమిటంటే, భూములు తీసుకోవాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. పంట కోతలకు ముందే సభ పెడతారు. జిల్లా నుంచి అధికారి వస్తాడు. ఊరందరి ముందర అడుగుతాడు.

ఇక బసమ్మకు కాలు నిలవలేదు. పొద్దున్నే ఇంత సద్ది తాగి బయల్దేరడం, ఇల్లిల్లూ తిరగడం. ఆమెకు తోడు యాకోబు. చర్చి పక్కన ఉంటాడు, మేస్త్రీ పని చేస్తాడు, అతని పెళ్లాం పేరున కూడా ఆ రేగడిలో భూమి ఉంది. ఎవరింటికి పోయినా బసమ్మ ఒకటే మాట.

“ఎవలన్న వచ్చి బెదిరిస్తరు. బెదరొద్దు. పైసల ఆశ సూపెడ్తరు. పడొద్దు. ఏం జరిగినా సరే, మనం మాత్రం చేతులెత్తొద్దు!”

“ఎత్తమక్కా!” అనేవాళ్లు ఆడవాళ్లు.

“గట్టిగ చెప్పుండ్రి!”

“ఎత్తం! సచ్చినా ఎత్తం!”

అబ్బ, ఆ ఉత్సాహం ఏం చెప్పమంటారు! కూలికి పోయే ఆటోలో అదే మాట, నల్లా దగ్గర అదే మాట. ఆఖరికి ఇద్దరు కలిస్తే పలకరింపు కూడా అదే అయిపోయింది. “ఏం వదినా, ఎత్తుతలేవు గద?” “నేనా? నా చేతులు నరికినా ఎత్త!” బసమ్మ పొంగిపోయింది. రాత్రి అన్నం తింటూ శంకరప్పకు కూడా చెప్పింది, వాడంతా వినబడేట్టు. “నువ్వు మెత్తని మనిషివి. ఎవలన్న బతిమాలంగనే కరుగుతవు. సభల గిన చేతులెత్తినవో, ఇంటికి రాకు!”

శంకరప్ప గబగబా తల ఊపాడు.

ఒక్క ఇల్లు మాత్రం బసమ్మ తొక్కలేదు. సుగుణమ్మ ఇల్లు. ఎప్పుడో సుగుణమ్మ బర్రె బసమ్మ శనగచేలో పడింది. ఆ రోజు బసమ్మ అరిచి అరిచి చేసిన గాయి ఊరు ఇంకా మరిచిపోలేదు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురైతే ఒకామె అటు చూస్తుంది, ఒకామె ఇటు చూస్తుంది.

“ఒక్కమాట అడిగొద్దాం పెద్దమ్మా, ఆమె భూమి గూడ పోతుంది గద” అన్నాడు యాకోబు.

“సర్పంచ్ తల్లిని అడుగుడేంది? కొడుకు యాడ సంతకం వెట్టమంటె ఆడ వెడ్తది. ఆ గడప నేను తొక్క” అనేసింది బసమ్మ.

సభ రోజు రానే వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందర షామియానా. ముందు వరసలో కుర్చీలు, వెనక జంపఖానాలు. ఇన్నేళ్లలో ఆ ఊరి గ్రామసభకు అంతమంది రావడం ఎవరూ చూడలేదు. మామూలుగా గ్రామసభంటే ఏముంది? సెక్రటరీ ఏదో చదువుతాడు. “అందరు చేతులెత్తుండ్రి, మంజూరైంది” అంటాడు. వచ్చిన నలుగురూ చేతులెత్తుతారు. టీ తాగి పోతారు. చెయ్యి లేచిందంటే మంజూరైనట్టే. ఆ ఊళ్లో ఎత్తిన చేతికి ఇంకో అర్థం లేదు.

ఈసారి ఆడవాళ్లే షామియానా నిండా. బసమ్మ వాళ్ల మధ్యలో కూర్చుంది. మనసు పండుగలా ఉంది. ఇంత జనం! ఇంత మంది తన మాట మీద వచ్చారు! ముందు వరసలో సర్పంచ్ తల్లి సుగుణమ్మ కుర్చీలో తల వంచుకొని కూర్చుని ఉంది.

జిల్లా నుంచి వచ్చిన అధికారి మదన్‌మోహన్ నెమ్మదస్తుడు. రూలు దాటడు, తొందరపడడు. జగదీశ్ లేచి ఎయిర్‌పోర్టు వస్తే ఏమేం వస్తాయో చెప్పాడు. హోటళ్లు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి, ఊరి పేరు దేశమంతా తెలుస్తుంది. చప్పట్లు కొద్దిగా పడ్డాయి. మదన్‌మోహన్ మైకు అందుకున్నాడు.

“రూలు ప్రకారం ముందు వద్దన్నవాళ్లనే అడుగుతాను. ఈ ప్రతిపాదన మీద అభ్యంతరం ఉన్నవాళ్లు దయచేసి చేతులెత్తండి.”

బసమ్మ చెయ్యి రయ్యిమని లేచింది. మగవాళ్లలోంచి యాకోబు చెయ్యి లేచింది.

అంతే! ఇంకో చెయ్యి లేవలేదు.

బసమ్మ చుట్టూ చూసింది. ఆడవాళ్లందరూ రాతిబొమ్మల్లా కూర్చున్నారు. కొందరు పిడికిళ్లు బిగించి ఒళ్లో పెట్టుకున్నారు. కొందరు చేతులు కొంగులో చుట్టుకున్నారు. ఇక శంకరప్పనైతే చూడాలి! రెండు చేతులూ చంకల్లో దూర్చుకొని, “చూడు, ఎత్తలేదు” అన్నట్టు పెళ్లాం వైపు గర్వంగా చూస్తున్నాడు.

బసమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. అయ్యో, నా నోరు పడిపోను! ఓడిపోవద్దు, వెనకడుగు వెయ్యొద్దు అని తను చెప్పిన మాటను వీళ్లు ఎక్కడికి తీసుకుపోయారు!

“ఏయ్! ఎత్తుండ్రే! చేతులెత్తుండ్రి!” అని అరిచింది.

ఎవరూ కదల్లేదు. పైగా పక్కనున్న బీరమ్మ ఆమె వైపు ఎలా చూసిందంటే, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

“ఏందక్కా ఇది? నువ్వే ఎత్తొద్దంటివి. ఇప్పుడు నువ్వే ఎత్తి, మమ్మల్ని ఎత్తుమంటవా?” అంది బీరమ్మ. “నిన్ను గూడ కొన్నరా అక్కా?”

“కొనుడేంది! ఓ పిచ్చిదానా, ఇది వద్దన్నోళ్ల చెయ్యి!”

“చెయ్యెత్తితె మంజూరైనట్టే గద! మాకు ఎరుక లేదా?” అని వెనక నుంచి ఇంకొకామె లేచింది. “బసమ్మక్క అమ్ముడువోయిందే!”

గుసగుసలు మొదలయ్యాయి. అమ్ముడుపోయిందట, అమ్ముడుపోయిందట!  నాతోపాటు రాళ్లేరిన మనుషులు వీళ్లు, నన్నే అనుమానిస్తున్నారా! బసమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. భూమి పోయినా ఇంత బాధ ఉండదేమో అనిపించింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. దించితే లెక్కలో ఒకటి తగ్గుతుంది, ఉంచితే వీళ్ల అనుమానం పెరుగుతుంది.

మదన్‌మోహన్ కళ్లజోడు సర్దుకున్నాడు. “ఇద్దరు. ఇంకెవరైనా ఉన్నారా?”

ఎవరూ లేరు. జగదీశ్ ముఖం వెలిగిపోయింది. వాడు కూడా ఇంత సులువుగా అవుతుందనుకోలేదు. సెక్రటరీ పెన్ను తీశాడు.

అప్పుడు ముందు వరసలో సుగుణమ్మ లేచి నిలబడింది.

“సారూ, జర ఆగు.”

అందరి చూపులూ అటు తిరిగాయి. ఆమె చెయ్యెత్తలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకొని, కొడుకు వైపు చూడకుండా అధికారి వైపే చూస్తూ మాట్లాడింది. ఆమెది చిన్న గొంతు. మైకు లేదు. అయినా షామియానా ఆ చివరిదాకా వినపడింది, అంత నిశ్శబ్దంగా ఉంది మరి.

“చేతుల లెక్క మాకు సమజ్ గాలేదు. ఆడోళ్లం ఆగమైతున్నం. చెయ్యి గియ్యి పక్కన వెట్టి నోటితోని అడుగు. ముందుగాల నన్నడుగు. నాకు మా అమ్మ పసుపు కుంకుమ కింద ఇచ్చిన మూడెకరాలు ఆ రేగడిల ఉంది. నా భూమి నేనియ్య.”

జగదీశ్ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఆగిపోయాడు. “అమ్మా!”

“నేనియ్య బిడ్డా” అంది సుగుణమ్మ మళ్లీ.

 ఆ తర్వాత బీరమ్మ ధడాలున లేచింది. చేతులు ఇంకా కొంగులోనే ఉన్నాయి. “నాది గూడ నేనియ్య సారూ!” వెనకామె లేచింది. “నేనియ్య!” ఆ పక్కామె లేచింది. ఇక చూడండి, ఒకరి మీద ఒకరు, వరస మీద వరస, జంపఖానాలు మడతలు పడుతుంటే ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారు. “నేనియ్య! నేనియ్య!” రేగడిలో భూమి లేనివాళ్లు కూడా లేచారు. “మా ఊరిది మేమియ్యం!” అన్నారు వాళ్లు. షామియానా గుంజలు ఊగాయి. శంకరప్ప కూడా చంకల్లోంచి చేతులు తీయకుండానే లేచి, “మా ఇంటామె ఇయ్యదు!” అని అరిచాడు. జన్మలో అంత గట్టిగా అరవలేదు ఆయన.

బసమ్మకు నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. రెండూ ఒక్కసారే వస్తున్నాయి. బీరమ్మ ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి, “గలీజు మాటన్న అక్కా, నా నోట్ల మన్నువడ” అంది. “నా నోరే సక్కగ లేదు తియ్యే” అంది బసమ్మ.

మదన్‌మోహన్ మైకులో రెండుసార్లు దగ్గాడు. ఒక్కొక్కరినీ పేరు చెప్పమన్నాడు. సెక్రటరీ రాస్తూ పోయాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయినా ఎవరూ కదల్లేదు. ఆఖరున అవునన్నవాళ్లనూ అలాగే అడిగారు. పదిమందికి మించలేదు. గ్రామసభ ఒప్పుకోలేదని తీర్మానం రాయడం తప్ప దారి లేకపోయింది.

“ఈ తీర్మానం పైకి పోతుంది. పైవాళ్లు ఏం చేస్తారో నేను చెప్పలేను. కానీ మీ ఊరు ఏమన్నదో మాత్రం ఎవరూ మార్చలేరు” అన్నాడు మదన్‌మోహన్.

ఆ మాట చాలు. ఈలలు, చప్పట్లు, యాకోబును ఎవరో భుజాల మీదికి ఎత్తుకోబోయారు. తీర్మానం కింద సర్పంచ్ సంతకం పెట్టాలి. జగదీశ్ పెన్ను పట్టుకొని కూర్చున్నాడు. ముఖం వాడిపోయింది. సుగుణమ్మ వచ్చి అతని పక్కన నిలబడింది. బసమ్మ రెండడుగుల దూరంలో ఉంది. ఏదో ఎత్తిపొడుపు నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆ కుర్రాడి ముఖం చూసి మింగేసింది.

“ఒక్క ఇంట్ల ఉంటం. ఒక్క పళ్లెంల తింటం. ఇన్ని నెలల సంది ఒక్క మాట చెప్పకపోతివి గదమ్మా” అన్నాడు జగదీశ్. కోపం కాదది, నిజంగా దెబ్బ తగిలిన గొంతు.

సుగుణమ్మ కొడుకు తల నిమిరింది.

“నీకు కావాల్సినయన్ని చెప్పినవు బిడ్డా. కూసొని ఇన్న. భూమి నాదని నీకు ఎరుకనే. అమ్మా, నువ్వేమంటవని ఒక్కనాడన్న అడిగినవా?” అని, బసమ్మ వైపు తిరిగింది. ఎన్నో ఏళ్ల తర్వాత కళ్లలోకి చూసింది. “ఇగో, ఊరంత తిరిగిన ఈమె గూడ అడగలే.”

 బసమ్మ ముందుకొచ్చి సుగుణమ్మ చెయ్యి పట్టుకుంది.

“తప్పయింది వదినా” అంది మెల్లగా.

జగదీశ్ ఇద్దరినీ చూశాడు. తర్వాత కాగితం ముందుకు లాక్కొని సంతకం చేశాడు.